ఓటరు ఇంటి లెక్క: ప్రచార వ్యూహాలకూ గోప్యతకూ మధ్య తెగని పంచాయితీ

పదేళ్లుగా ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి ఎన్నికకూ ముందో వెనకో ఓటరు సమాచారం గురించి ఒక గొడవ లేస్తూనే ఉంది. 2019లో సేవామిత్ర యాప్, 2021లో తిరుపతి ఉప ఎన్నిక, 2022లో పెగాసస్‌పై సభాసంఘం, 2023లో వాలంటీర్ల వివాదం, 2024లో గ్యారెంటీ పత్రాలు. ఒక ఎన్నికలో వేలెత్తి చూపిన పార్టీ తర్వాతి ఎన్నికలో సంజాయిషీ చెప్పుకుంది. మాటలు మాత్రం మారలేదు: డేటా చోరీ, దొంగ ఓట్లు, నిఘా.

ఇదే కాలంలో ఊళ్లలోకి ఫైబర్ తీగ వచ్చింది. ఇంటికో వైఫై పెట్టె, చేతికో ఫోను వచ్చాయి. గోప్యత మాట ఎత్తగానే ఇంటర్నెట్ రద్దీని దాచే వీపీఎన్ పెట్టుకోమనే సలహా కూడా వచ్చింది. దాంతో రెండు వేర్వేరు చర్చలు ఒకదానితో ఒకటి ముడిపడిపోయాయి. ఓటరు గురించి పార్టీలకు ఎంత తెలియాలన్నది మొదటిది. ఇంటి నెట్‌వర్క్‌లో నడిచే సమాచారాన్ని ఎలా కాపాడుకోవాలన్నది రెండోది. ఈ ముడి విప్పి, ఎవరు ఏమంటున్నారో, ఏది తేలిందో, ఏది తేలలేదో చూడటానికే ఈ సమీక్ష. తిరుపతి, చిత్తూరు జిల్లాలను ముందు పెట్టుకోవడానికి కారణం ఉంది. ఈ వివాదంలోని ప్రతి మలుపూ ఏదో ఒక రూపంలో ఈ నేలను తాకింది.

ఓటరు జాబితా నుంచి యాప్ దాకా

పార్టీలకు ఓటరు వివరాలు తెలియడం కొత్తేమీ కాదు. గుర్తింపు పొందిన పార్టీలకు జాబితా ప్రతులు ఉచితంగా ఇవ్వాలని 1960 నాటి ఓటర్ల నమోదు నియమాలే చెబుతున్నాయి. ఆ జాబితాలో ఒక పేజీ తీసి చూస్తే ముప్పై పెట్టెలు కనిపిస్తాయి. ఒక్కో పెట్టెలో ఓటరు పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయసు, లింగం, కార్డు నంబరు ఉంటాయి. బూత్ ఏజెంటు ఆ పెట్టెల పక్కన పెన్నుతో గుర్తులు పెట్టుకుంటాడు: మనోళ్లు, అవతలోళ్లు, ఎటూ తేల్చనోళ్లు. కుప్పం, పలమనేరు వైపు జాబితాల్లో ఇంకో గుర్తు కూడా ఉంటుంది, బెంగళూరులో పనికి వెళ్లినవాళ్లని. నగరి, సత్యవేడు వైపైతే చెన్నైకి వెళ్లినవాళ్లని. పోలింగ్ నాటికి వాళ్లను రప్పించే బాధ్యత ఎవరిదో ఆ గుర్తే చెబుతుంది.

పెన్ను గుర్తుకు ఒక హద్దు ఉంది. ఆ కాగితం ఆ ఊరు దాటదు, ఎన్నిక కాగానే దాని పని అయిపోతుంది. యాప్ వచ్చాక ఆ హద్దు చెరిగిపోయింది. పేరు పక్కన ఫోన్ నంబరు, కులం, వృత్తి, ఇంట్లో ఎవరికి పింఛను వస్తోంది, ఎవరికి ఇల్లు మంజూరైంది అన్నవి కూడా చేరాయి. అవన్నీ ఒకచోట పోగుపడి, ఏళ్ల తరబడి ఉండిపోతాయి.

ఈ పోగుకు ముడిసరుకు ఎక్కువగా ప్రభుత్వ సర్వేల్లోనే పుట్టింది. ఓటరు కార్డుకు ఆధార్‌ను జోడించే కార్యక్రమాన్ని ఎన్నికల సంఘం 2015 మార్చిలో మొదలుపెట్టి, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుల తర్వాత ఆగస్టులో ఆపేసింది. అప్పటికే రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆ పని చాలా దూరం నడిచింది. 2016 జులైలో ఏపీ ప్రభుత్వం ప్రజాసాధికార సర్వే మొదలుపెట్టి ట్యాబులతో ఇంటింటికీ వెళ్లింది. 2018 ఏప్రిల్‌లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో దాదాపు 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు అందరికీ కనిపించేలా ఉన్నాయని బయటపడింది. కులం, మతం వారీగా కూడా ఆ జాబితాను వెతకగలిగేలా ఉంచారు. దాన్ని ఎవరూ హ్యాక్ చేయలేదు. తలుపు తీసే ఉంది.

ఐదు వివాదాలు, ఒకే ప్రశ్న

2019 మార్చిలో హైదరాబాద్ మాదాపూర్‌లోని ఐటీ గ్రిడ్స్ సంస్థపై సైబరాబాద్ పోలీసులు దాడి చేశారు. తెలుగుదేశం కార్యకర్తలు వాడే సేవామిత్ర యాప్‌ను నడిపింది ఆ సంస్థే. ఓటర్ల వివరాలతో పాటు ప్రభుత్వ లబ్ధిదారుల సమాచారం కూడా అందులో ఉందన్నది ఆరోపణ. తెలంగాణ ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది, ఏపీ ప్రభుత్వం పోటీగా మరో బృందాన్ని వేసింది. ఏపీ, తెలంగాణలకు చెందిన 7.82 కోట్ల మంది ఆధార్ వివరాలు ఆ సంస్థ డిస్కుల్లో ఉన్నట్టు పోలీసులు చెప్పారంటూ ఏప్రిల్‌లో ఆధార్ ప్రాధికార సంస్థ ఫిర్యాదు చేసింది. తన సర్వర్లలోకి ఎవరూ చొరబడలేదని కూడా ఆ సంస్థే ప్రకటించింది. టీడీపీ వాదన దీనికి పూర్తిగా భిన్నం. అవి తమ కార్యకర్తలు కూడబెట్టుకున్న వివరాలనీ, తమ డేటానే పోలీసుల చేత ఎత్తుకెళ్లించి ప్రత్యర్థికి అందించారనీ ఆ పార్టీ అన్నది. అదే సమయంలో ఓట్ల తొలగింపు కోరుతూ లక్షల సంఖ్యలో ఫారం-7 దరఖాస్తులు వచ్చిపడ్డాయి. పరాయి పేర్లతో పెట్టినవి వాటిలో ఎన్నో ఉన్నాయని తేలి పోలీసు కేసులు నమోదయ్యాయి.

రెండో వివాదం తిరుపతిది. ఎంపీ బల్లి దుర్గాప్రసాదరావు మరణంతో 2021 ఏప్రిల్ 17న ఉప ఎన్నిక జరిగింది. బయటి ఊళ్ల నుంచి బస్సుల్లో మనుషులను తెచ్చి ఓట్లు వేయించారని టీడీపీ, బీజేపీ ఆరోపించాయి. నాటి అధికార పక్షం వైసీపీ కాదన్నది. ఓటరు నమోదు అధికారి లాగిన్‌తో 30 వేలకు పైగా గుర్తింపు కార్డులు డౌన్‌లోడ్ అయ్యాయన్న వ్యవహారంలో, ఎన్నికల సంఘం ఆదేశం మేరకు 2024 జనవరిలో నాటి అధికారిని సస్పెండ్ చేశారు. ఇక్కడ గమనించాల్సింది ఆ లాగిన్ సంగతి. ఇన్ని వేల మంది కార్డుల భద్రత ఒక్క పాస్‌వర్డ్ ఎవరి చేతిలో ఉందన్న దాని మీద ఆధారపడింది.

మూడోది సభాసంఘం. పెగాసస్ నిఘా సాఫ్ట్‌వేర్ వివాదంపై 2022 మార్చిలో శాసనసభ సంఘం ఏర్పడింది. నాటి తిరుపతి ఎమ్మెల్యే భూమన కరుణాకర్‌రెడ్డి దానికి అధ్యక్షుడు. అంతకుముందరి టీడీపీ ప్రభుత్వ హయాంలో స్టేట్ డేటా సెంటర్ నుంచి పౌరుల సమాచారం బయటికి వెళ్లిందని, సేవామిత్ర కోసం వాడారని ఆ సెప్టెంబరులో మధ్యంతర నివేదిక ఆరోపించింది. ఇది రాజకీయ కక్షేనని టీడీపీ కొట్టిపారేసింది. మరికొన్ని నెలలకే, 2023 ఆరంభంలో, వెంకటగిరి ఎమ్మెల్యే ఆనం రామనారాయణరెడ్డి తన ఫోన్లే ట్యాప్ అవుతున్నాయని ఆరోపించారు. అప్పటికి ఆయన అధికార పక్షం ఎమ్మెల్యే. ప్రభుత్వం ఖండించింది.

నాలుగోది వాలంటీర్లది. 2019 ఆగస్టు 15న మొదలైన ఈ వ్యవస్థలో యాభై ఇళ్లకు ఒకరి చొప్పున దాదాపు 2.6 లక్షల మంది పనిచేశారు. పింఛను ఇంటికే తెచ్చి ఇచ్చారు, కోవిడ్ రోజుల్లో జ్వరాల లెక్క రాసుకున్నారు. కుటుంబంలో ఎవరెవరు ఉన్నారు, ఎవరికి ఏ పథకం అందుతోంది అన్నది వాళ్ల ఫోనులోనే ఉండేది. 2023 జులైలో ఏలూరులో పవన్ కల్యాణ్ ఈ సమాచార సేకరణపై తీవ్ర ఆరోపణలు చేశాక అది రాష్ట్రస్థాయి వివాదమైంది. 2024 మార్చి చివర్లో ఎన్నికల సంఘం వాలంటీర్లను పింఛన్ల పంపిణీ నుంచి తప్పించి, ప్రభుత్వం ఇచ్చిన ఫోన్లు, ట్యాబులు అప్పగించమన్నది.

ఐదోది హామీల నమోదు. ఒక పక్క ‘మా నమ్మకం నువ్వే జగన్’ అంటూ గడపకు స్టిక్కర్ అంటించి, మిస్డ్ కాల్ ఇప్పించుకోవడం. మరో పక్క ‘బాబు ష్యూరిటీ భవిష్యత్తుకు గ్యారెంటీ’ అంటూ కుటుంబాల వివరాలు రాసుకుని పత్రం ఇవ్వడం. ఇతర రాష్ట్రాల్లోనూ ఇలాంటివి పెరగడంతో, గెలిచాక ఇచ్చే పథకాల పేరుతో ఓటర్లను నమోదు చేయడం ఆపాలని 2024 మే 2న ఎన్నికల సంఘం అన్ని పార్టీలకూ చెప్పింది. ఏపీలో పోలింగ్ మే 13న. అప్పటికి ఇంటింటి నమోదు ఎప్పుడో జరిగిపోయింది.

ఈ ఐదింటినీ పక్కపక్కన పెడితే ఒకటి స్పష్టమవుతుంది. ఫోన్ ట్యాపింగ్ ఆరోపణలను మినహాయిస్తే, ఓటరు ఇంటి ఇంటర్నెట్ తీగలోంచి సమాచారం లాగారన్న ఆరోపణ ఎక్కడా లేదు. అంతా గడపలోంచి, కార్యాలయం లాగిన్‌లోంచి, లబ్ధిదారుల పట్టికలోంచి వెళ్లిందన్నదే ఫిర్యాదు.

బయటి ప్రపంచంలో: ప్రజల ప్రచారాలు, ప్రజల డేటా

డేటాతో ప్రచారం అనగానే డబ్బున్న పార్టీల తంత్రమని అనుకోవడం పరిపాటి. అమెరికా అధ్యక్ష ఎన్నికల చరిత్ర మరోలా చెబుతుంది. 2004 ఎన్నికలకు హోవర్డ్ డీన్ ఇంటర్నెట్ ద్వారా మద్దతుదారులను కూడగట్టి, చిన్న విరాళాలు పోగుచేసి దారి చూపారు. 2012లో ఒబామా ప్రచారం ఫేస్‌బుక్ ఆధారంగా ఒక యాప్ నడిపింది. దాన్ని పెట్టుకున్న మద్దతుదారుల స్నేహితుల జాబితాలు కూడా ప్రచార బృందానికి అందాయి. నాడు దాన్ని నవ్యత అని మెచ్చుకున్నారు. 2018 మార్చిలో ఎన్నికల సలహా సంస్థ కేంబ్రిడ్జ్ అనలిటికా వ్యవహారం బయటపడ్డాక, స్నేహితుడి అనుమతితో మన వివరాలు వెళ్లడం ఏం న్యాయమని అదే లోకం ప్రశ్నించింది. దాదాపు 8.7 కోట్ల ఖాతాల వివరాలు వెళ్లి ఉండవచ్చని, వాటిలో సుమారు 5.62 లక్షలు భారతీయులవని ఫేస్‌బుక్ చెప్పింది.

వామపక్ష భావాల బెర్నీ శాండర్స్ ప్రచారానిదీ ఇదే తీరు. పెద్ద కంపెనీల డబ్బు తీసుకోకుండా చిన్న విరాళాలతో, స్వచ్ఛంద కార్యకర్తలతో నిలబడిన ప్రచారమది. అయినా 2015 డిసెంబరులో, డెమోక్రటిక్ పార్టీ ఓటరు డేటా వ్యవస్థలో లోపం తలెత్తినప్పుడు, శాండర్స్ సిబ్బంది కొందరు ప్రత్యర్థి హిల్లరీ క్లింటన్ బృందం సమాచారంలోకి తొంగిచూశారు. పార్టీ ఆయన బృందానికి డేటా ఆపేసింది. డేటా విభాగం అధిపతి ఉద్యోగం పోయింది. చర్చావేదికపైనే శాండర్స్ క్షమాపణ చెప్పారు. 2019లో ఆయన బృందం తెచ్చిన బెర్న్ యాప్‌లో కార్యకర్తలు తమ బంధుమిత్రుల, ఇరుగుపొరుగు పేర్లు చేర్చి వాళ్లు ఎటువైపో నమోదు చేయగలిగేవారు. అడగకుండా పక్కింటివాళ్ల పేరు ఎక్కించడమేమిటని అప్పుడూ విమర్శ వచ్చింది. మన యాభై ఇళ్ల పద్ధతికి అది చాలా దగ్గర చుట్టం.

డబ్బు లేనివాడికి మనుషులే బలం. మనుషులే బలమైనప్పుడు ఎవరు ఎక్కడున్నారో తెలుసుకోవాలన్న తాపత్రయం కూడా ఎక్కువే. ప్రగతిశీల ప్రచారమైనంత మాత్రాన ఓటరు గోప్యతకు భరోసా దొరకదని ఈ ఉదాహరణలు చెబుతున్నాయి. మన చర్చలో పార్టీల మంచిచెడ్డల మీదే దృష్టి నిలపడం వల్ల ఈ సంగతి మరుగున పడిపోతోంది.

ఇంటి తీగ, వీపీఎన్

అమెరికాలో వీపీఎన్ మాట సామాన్యుల ఇళ్లలోకి రావడానికి ఒక రాజకీయ కారణం ఉంది. వినియోగదారు ఏ సైట్లు చూస్తున్నాడన్నది అనుమతి లేకుండా అమ్ముకోకూడదంటూ ఇంటర్నెట్ కంపెనీలకు ఒబామా కాలంలో పెట్టిన నియమాలను 2017 ఏప్రిల్‌లో రద్దుచేశారు. ఇంటి కనెక్షన్ ఇచ్చేవాడే చూస్తున్నాడన్న భయంతో వీపీఎన్‌ల వైపు జనం మళ్లారు. మన దగ్గర పరిస్థితి వేరు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి, నెలకు 149 రూపాయలకు టీవీ, ఇంటర్నెట్, ఫోను కలిపి ఇచ్చింది. అది రాష్ట్ర ప్రభుత్వ సంస్థ. ప్రైవేటు కంపెనీలూ, వీధి కేబుల్ ఆపరేటర్లూ సరేసరి. తీగ ప్రభుత్వానిదైనప్పుడు దానిలో నడిచే రద్దీ గురించి స్పష్టమైన, అందరికీ తెలిసిన గోప్యతా విధానం ఉండాలని కోరడం సబబే.

తీగ ఇచ్చేవాడికి ఏం కనిపిస్తుందో ముందు తెలుసుకోవాలి. తిరుపతిలో ఒక ఇంట్లో ఎవరైనా ఫోనులో ఒక వార్తా సైట్ తెరిచారనుకుందాం. ఫోను నుంచి వైఫై పెట్టెకు, అక్కడి నుంచి ఆపరేటర్ పరికరాలకు ఆ విన్నపం వెళుతుంది. ముందుగా ఆ సైట్ చిరునామా ఏమిటని ఒక ప్రశ్న వెళుతుంది. మామూలుగా అది ఆపరేటర్‌కు కనిపిస్తుంది. తర్వాత కనెక్షన్ కుదురుతుంది. ఇవాళ ఎక్కువ సైట్లు సమాచారాన్ని సంకేతాల్లోకి మార్చి పంపే హెచ్‌టీటీపీఎస్ వాడతాయి కాబట్టి ఏ వార్త చదివారన్నది ఆపరేటర్‌కు తెలియదు. ఏ సైట్‌కు వెళ్లారు, ఎప్పుడు, ఎంతసేపు అన్నవి చాలావరకు తెలుస్తాయి. వీపీఎన్ పెట్టుకుంటే ఇవి కూడా ఆపరేటర్‌కు కనబడవు, వీపీఎన్ సర్వర్‌తో మాట్లాడుతున్నారని మాత్రమే తెలుస్తుంది. బస్టాండులో, లాడ్జిలో, హాస్టల్‌లో పదిమంది పంచుకునే వైఫైలో ఇది నిజంగా పనికొచ్చే రక్ష.

దాని హద్దులు కూడా అంతే స్పష్టం. ఆపరేటర్ మీద పెట్టాల్సిన నమ్మకాన్ని వీపీఎన్ కంపెనీ మీద పెడుతున్నాం, అంతే. ఫేస్‌బుక్ 2013లో కొన్న ఒనావో వీపీఎన్ ఇందుకు గుణపాఠం. రక్షణ పేరుతో ఇచ్చిన ఆ యాప్ వినియోగదారులు ఏ యాప్‌లు వాడుతున్నారో లెక్క తీసింది. 2018 ఆగస్టులో దాన్ని యాపిల్ స్టోర్ నుంచి తప్పించారు. ఉచితంగా దొరికే వీపీఎన్‌లపై జాగ్రత్త అవసరమనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. రెండోది, సొంత ఖాతాతో లాగిన్ అయ్యాక మనం ఎవరమో ఆ కంపెనీకి తెలుసు. వీపీఎన్ ఉన్నా ప్రచార ప్రకటన మన గోడ మీదికి వస్తుంది. మూడోది చట్టం. 2022 ఏప్రిల్ 28న కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ జారీ చేసిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ సంస్థలు ఖాతాదారుల పేరు, చిరునామా, ఫోను, వాడే కారణం ఐదేళ్లు భద్రపరచాలి. దీన్ని ఒప్పుకోని ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్‌వీపీఎన్ వంటివి భారతదేశంలోని తమ సర్వర్లను తీసేశాయి.

నాలుగు వాదాలు

మొదటిది ప్రచార వాదం. ఓటరును తెలుసుకోకుండా ప్రజాస్వామ్యం ఎలా నడుస్తుందని దీని ప్రశ్న. ఎవరి గడపలో ఏ కష్టం ఉందో తెలిస్తేనే మేనిఫెస్టోలో దానికి చోటు దొరుకుతుంది. 2023 జనవరిలో కుప్పం నుంచి నారా లోకేశ్ పాదయాత్ర మొదలైనా, అంతకుముందు జగన్ ప్రజాసంకల్ప యాత్ర సాగినా, వెనక ఏ ఊళ్లో ఏం మాట్లాడాలో చెప్పే సమాచారం ఉంది. ఐప్యాక్ వంటి సలహా సంస్థలు వచ్చాక అది ఒక వృత్తి అయింది. ఈ వాదంలో బలం ఉంది. బలహీనత ఏమిటంటే, ఓటరు కష్టం తెలుసుకోవడానికీ, అతని కులం, పథకం, ఫోన్ నంబరు కలిపి నిల్వ పెట్టుకోవడానికీ మధ్య గీత ఎక్కడుందో ఇది చెప్పదు.

రెండోది సంక్షేమ వాదం. సమాచారం సేకరించకపోతే పింఛను ఎవరికి, ఇల్లు ఎవరికి అన్నది దళారీ తేలుస్తాడు. నడవలేని ముసలమ్మకు ఒకటో తారీఖు పొద్దున్నే ఇంటి దగ్గరే పింఛను అందడం చిన్న సంగతి కాదు. 2025 జనవరి 30న 161 సేవలతో మొదలైన ‘మన మిత్ర’ వాట్సాప్ పాలన కూడా ఈ దారిలోనిదే. కార్యాలయం చుట్టూ తిరిగే బాధ తప్పుతుందన్నది నిజం. అయితే ఏ ప్రభుత్వమైనా ఒక పార్టీ చేతిలోనే ఉంటుంది. ప్రభుత్వ పట్టికకూ పార్టీ పట్టికకూ మధ్య గోడ ఎంత గట్టిదో ఈ వాదం ఎప్పుడూ రుజువు చేసి చూపలేదు.

మూడోది స్వీయరక్షణ వాదం. చట్టాలు వచ్చేసరికి కాలం గడిచిపోతుంది, ఎవరి జాగ్రత్త వారిదేనంటుంది. వీపీఎన్, రూటర్ పాస్‌వర్డ్ మార్చుకోవడం, అక్కర్లేని యాప్ తీసేయడం, ఓటీపీ చెప్పకపోవడం దీని ఆయుధాలు. ఇంజినీరింగ్ విద్యార్థులు, పాత్రికేయులు, కార్యకర్తలకు ఇది బాగా నచ్చుతుంది. కానీ ఫోను మనవడికి ఇచ్చి నొక్కించుకునే పింఛనుదారుకు ఇది అందదు. అందినా, పథకం కోసం వేలిముద్ర వేయక తప్పని చోట వీపీఎన్ చేసేదేమీ లేదు. కిటికీకి తెర కట్టి, వాకిట్లోకి వచ్చినవారికి ఇంటి లెక్కంతా ఒప్పజెప్పినట్టు ఉంటుంది.

నాలుగోది చట్ట వాదం. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది. కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ ఆ ధర్మాసనంలో ఉన్నారు. తర్వాత డేటా రక్షణపై శ్రీకృష్ణ కమిటీ 2018లో ఇచ్చిన ముసాయిదాలో రాజకీయ విశ్వాసాన్ని సున్నిత సమాచారంగా చూపింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఆ విభజనే లేదు. చట్టబద్ధ బాధ్యతగా బహిరంగపరిచిన సమాచారానికి ఈ చట్టం వర్తించదు కాబట్టి, ఓటరు జాబితా దీని గొడుగు కిందికి రాదన్న వాదనకు ఆస్కారం ఉంది. రాయితీలు, పథకాల కోసం ప్రభుత్వం సమాచారం వాడుకోవడానికి విశాలమైన వెసులుబాటు కూడా ఉంది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలు అమలయ్యేది పద్దెనిమిది నెలల తర్వాతే.

ఒక్కచోట పెట్టి చూస్తే

- ఇంటి ఇంటర్నెట్ తీగ: ఏ సైట్లు చూశామన్నది తెలుస్తుంది. వీపీఎన్ చాలావరకు ఆపుతుంది.
- సొంత ఖాతాతో వాడే యాప్‌లు, ప్రకటనలు: ఇష్టాలు, స్నేహాలు, ఫోన్ నంబరు తెలుస్తాయి. వీపీఎన్ దాదాపు ఏమీ చేయలేదు. అనుమతులు తగ్గించుకోవడం కొంత మేలు.
- ఫోన్ ట్యాపింగ్, పెగాసస్ వంటి నిఘా: మాటలు, పరికరంలో ఉన్నదంతా తెలుస్తుంది. వీపీఎన్ అడ్డు కాదు. కోర్టులు, దర్యాప్తులే దిక్కు.
- పార్టీ గడప సర్వే, మిస్డ్ కాల్, ఓటీపీ: కుటుంబం, కులం, మొగ్గు తెలుస్తాయి. ఇక్కడ ఓటరు నోరే తాళం.
- లబ్ధిదారుల పట్టిక, అధికారి లాగిన్: ఆధార్, బ్యాంకు, పథకం వివరాలు తెలుస్తాయి. ఓటరు చేతిలో ఏమీ లేదు. చట్టం, తనిఖీ, శిక్ష మాత్రమే ఆపగలవు.

పైనుంచి కిందికి వచ్చేకొద్దీ పార్టీకి ఉపయోగం పెరుగుతుంది, ఓటరు సొంతంగా చేయగలిగింది తగ్గుతుంది.

తేలని సంగతులు

పార్టీ డేటాకు యజమాని ఎవరన్నది మొదటిది. కార్యకర్త తన ఫోనులో ఎక్కించిన పక్కింటివాళ్ల వివరాలపై ఆ పక్కింటివాళ్లకు హక్కు ఉందా? తీసేయమని అడిగితే ఎవరు తీయాలి? ఎంతకాలంలో? ఎన్నికల ప్రవర్తనా నియమావళి దీనికి సమాధానం చెప్పదు, ఎన్నికల షెడ్యూలు ప్రకటనకు ముందు నడిచే సేకరణను అది పట్టుకోదు.

రెండోది ఆధార్-ఓటరు అనుసంధానం. 2021 చట్ట సవరణ తర్వాత ఆధార్ నంబరు ఇచ్చే ఫారం-6బి వచ్చింది. ఆధార్ ఇవ్వడం తప్పనిసరి కాదని 2023 సెప్టెంబరులో ఎన్నికల సంఘం సుప్రీంకోర్టుకు చెప్పింది. దొంగ ఓట్లు ఏరేయడానికి అనుసంధానం కావాలనేవారికి తిరుపతి ఉప ఎన్నికే ఉదాహరణ. అదే అనుసంధానం పథకాల పట్టికనూ ఓటరు జాబితానూ కలిపేస్తుందనేవారికి సేవామిత్ర కేసు ఉదాహరణ. ఒకే రాష్ట్రం అనుభవం రెండు వాదాలకూ సాక్ష్యం చెబుతోంది. వ్యక్తిగత నంబరు బయటపడకుండా ఒకే మనిషి రెండు చోట్ల ఉన్నాడో లేదో సరిచూసే పద్ధతి కావాలి. దానిపై రాష్ట్రంలో ఇంకా గట్టి చర్చే జరగలేదు.

మూడోది దర్యాప్తుల విశ్వసనీయత. చాలా విచారణలను ప్రత్యర్థి ప్రభుత్వమో, ప్రత్యర్థి సభాసంఘమో నడిపింది. ప్రభుత్వం మారితే కేసు దిశ మారుతుందన్న అనుమానం జనంలో నాటుకుపోయింది. 2023 చట్టం కింద వచ్చే డేటా రక్షణ బోర్డు స్వతంత్రంగా నిలబడితే తప్ప ఈ అనుమానం పోదు.

ఈ సమీక్ష తేల్చేది

వీపీఎన్ మంచిదే, తెలిసినవారు వాడుకోవాలి. అయితే ఆంధ్రదేశపు ఓటరు గోప్యత వైఫై పెట్టె దగ్గర పోవడం లేదు. సచివాలయం పట్టికకూ పార్టీ యాప్‌కూ మధ్య ఉండాల్సిన గోడ దగ్గర పోతోంది. ఆ గోడ కట్టాల్సింది చట్టం. దానికి నాలుగు పనులు అత్యవసరం. పథకాల సమాచారం పార్టీ పనికి వాడితే ఎవరైనా సరే క్రిమినల్ నేరమని స్పష్టంగా రాయాలి. అధికారి లాగిన్‌తో పెద్దసంఖ్యలో జరిగే ప్రతి డౌన్‌లోడ్‌నూ బయటి సంస్థ తనిఖీ చేయాలి. పార్టీలు తమ దగ్గర ఏ రకం వివరాలు ఉన్నాయో ఎన్నికల సంఘానికి ప్రకటించాలి, అడిగిన ఓటరు పేరు తొలగించాలి. ప్రభుత్వ ఫైబర్ సంస్థ ఖాతాదారుల సమాచారం ఎంతకాలం ఉంచుతుందో, ఎవరికి ఇస్తుందో తెలుగులో ప్రచురించాలి.

2021లో ఎన్నికైన పంచాయతీలు, మున్సిపాలిటీల ఐదేళ్ల గడువు 2026 వరకే, శాసనసభ ఎన్నికలు 2029లో రావాలి. గడపలోకి ట్యాబు పట్టుకుని ఏ పార్టీ మనిషి వచ్చినా పాఠకులు మూడు ప్రశ్నలు అడగండి: ఈ వివరాలు ఎవరికి వెళతాయి, ఎంతకాలం ఉంటాయి, వద్దంటే నా పథకం ఆగుతుందా? మూడో ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే ఓటీపీ చెప్పకండి.